ఫ్రెంచి రాని గురువుగారు

మోల్దావియా రాజ్యపు యాష్ పట్టణంలో ఆ కాలాన పాపాలన్నీ ఫ్రెంచిలోనే జరిగేవి. మేడలున్న వీధుల మాట చెబుతున్నాను. పూరిళ్ళలో జరిగేవాటిని పాపాలనే గౌరవం అప్పటికింకా లేదు. వాటిని దొంగతనమనీ, తాగుబోతుతనమనీ, రంకనీ అనేవారు. అవి మోల్దావియా భాషలో జరిగేవి. వాటికి కొరడా ఉండేది. అదే పని పెద్దింటివారు చేస్తే దానికి ఫ్రెంచిలో పువ్వులాంటి పేరొకటి ఉండేది. ఆ పేరు పలికేటప్పుడు చేతిలోని విసనకర్రను కొంచెం ఆడించడం మర్యాద.

ఏ భాషకు ఏ పీట వెయ్యాలో ఆ పట్టణంలో అందరికీ తెలుసు. గ్రీకు భాష తాతగారి టోపీ వంటిది. పండుగనాడు దుమ్ము దులిపి బయటికి తీస్తారు. కాఫీ అడగడానికీ, కాఫీ చల్లారితే తిట్టడానికీ టర్కీ భాష. పనివాళ్ళకు మోల్దావియా భాష. సాటివారితో ఫ్రెంచి. ఒడిలో కూర్చునే కుక్కలతోనూ ఫ్రెంచే, వాకిటి కుక్కలతో మాత్రం మోల్దావియా భాష. ఒక ఇంట వాకిటి కుక్క ఫ్రెంచి మాటకు తోక ఊపిందని తెలిసి, దాని పుట్టుకలో ఏదో పొరపాటు జరిగి ఉంటుందని నిర్ణయించి, స్నానం చేయించి లోపలికి తీసుకున్నారు.

ఇక మిగిలింది దేవుడు. ఆయన రాజాధిరాజు. వంటకత్తెను తిట్టే భాషలో ఆయనను ప్రార్థించడం రాజద్రోహంతో సమానం. అందుచేత పాపసంకీర్తనం, అంటే గుడిలో క్రైస్తవ గురువు ముందు పాపాలు ఒప్పుకోవడం, ఫ్రెంచిలోనే జరగవలెనని పెద్దలు నిశ్చయించారు. దేవుని అభిప్రాయం ఎవరూ అడగలేదు. ఆయన సాధారణంగా పెద్దల నిశ్చయాలకు అడ్డు చెప్పడు.

ఇలారియోన్ గురువుగారికి ఫ్రెంచి రాదు. దీనిని లోపమని తలచేవారు ఆ పట్టణపు నాడి ఎరుగనివారు. రెండు వీధుల అవతల వియన్నాలో చదివివచ్చిన గురువు ఒకాయన ఉండేవాడు. ఆయనకు ఫ్రెంచి కొట్టినపిండి. ఆయన గుడిలో సాలెపురుగులు నిశ్చింతగా సంసారం చేసుకునేవి. ఇలారియోన్ గుడి ముందు మాత్రం పాస్కా, అంటే ఈస్టరు పండుగకు ముందరి ఉపవాసాల తపస్సు కాలం వచ్చిందంటే బళ్ళు బురదలో బారులు తీరేవి. దొరసానులు పట్టు గౌన్లు ఎత్తిపట్టుకొని దిగి, ఆయన ముందు మోకరిల్లి, ఫ్రెంచిలో చెప్పవలసినదేదో చెప్పి, ఏడ్చి, లేచేవారు. గురువుగారు మెడలోని పవిత్ర వస్త్రపు కొంగును వారి తలలపై కప్పి, "నీ పాపాలు క్షమించబడ్డాయి, శాంతితో వెళ్ళు" అనేవారు. వారు శాంతితోనే వెళ్ళేవారు. ఇంత శాంతి మరే గుడిలోనూ దొరకదని ప్రతీతి.

అశాంతి ఏదైనా ఉంటే అది గురువుగారి ఇంట్లోనే.

"ఏమండీ, ద్రెగుషాను వారి చిన్నకోడలు ఇవాళ అంతసేపు కూర్చుందే, ఏం చెప్పిందేమిటి?" అని అడిగేది ఆయన భార్య కసాంద్రా, మొక్కజొన్న సంకటి కెలుకుతూ.

"చెప్పకూడదు."

"చెప్పకూడదా, తెలియదా?"

గురువుగారు సత్యవ్రతులు గనుక, "తెలియదు" అనేవారు.

"తెలియకుండానే క్షమించేశారా! రేపు మీ పండుగ చొక్కా కాల్చేసి నేనూ ముక్కుతో నాలుగు ముక్కలు గొణుగుతాను. నన్నూ క్షమించండి."

"నువ్వు గొణిగేది నాకు అర్థమవుతుందే."

"అదీ నా ఖర్మ!"

ఆమె వేళాకోళానికే అన్నది కాని, ఆ మాట గురువుగారి గుండెలో ముల్లై దిగింది. భూమి మీద మీరు విప్పినది పరలోకంలోనూ విప్పబడుతుందని ప్రభువు శిష్యులకు అధికారమిచ్చాడు. మంచిదే. కాని విప్పేవాడికి ముడి కనబడాలి కదా? కళ్ళకు గంత కట్టుకొని, చేతికి తగిలిన దారమల్లా లాగి, విప్పానని చెప్పడం ఆ ప్రభువు ముందు అబద్ధమాడటం కాదా? ఇన్నేళ్ళుగా తాను క్షమించినదేమిటి? క్షమించకుండా వదిలినదేమిటి?

మిగిలినవారి సంగతి ఆయనను అంతగా బాధించలేదు. వారు పొడి కళ్ళతో వచ్చి, రుమాలు తడుపుకొని వెళ్ళేవారు. బాధించినది వర్తేజాను వారి పుల్కేరియా దొరసాని.

పుల్కేరియా దొరసాని పట్టణానికి వెలుగు. ఆమె గౌన్లు పారిసు నుంచి తిన్నగా వచ్చేవి. తపస్సు కాలంలో ఆమె ధరించినది పాస్కా పండుగకు అందరూ ధరించేవారు. ఆమె ఒకసారి కాలు బెణికి కుంటుతూ విందుకు వస్తే, ఆ వారమంతా పట్టణంలోని స్త్రీలు ఎడమకాలు ఈడ్చారు. ఆమె ఇంట్లో ఇలింకా అనే ముసలి దాది ఉండేది, చనిపోయింది. ఆ దాదిని ఇలారియోన్ గురువుగారే గుడి వెనుక, పనివాళ్ళ సమాధుల వరుసలో పూడ్చారు. అప్పటినుంచే దొరసాని ఆయన దగ్గరికి రావడం మొదలు పెట్టింది. ఏటా గతించినవారి శనివారం నాడు, దాది ఆత్మశాంతికని, అక్రోటులు చల్లిన తేనె గోధుమలు పెద్ద పళ్ళెం నిండా పంపేది. దాదికి కూడా ఇంత చేసే తల్లి ఎక్కడైనా ఉంటుందా అని పట్టణం ఫ్రెంచిలో ఆశ్చర్యపోయేది.

ప్రతి ఏడూ ఆమె వచ్చి, మోకరిల్లి, తక్కినవారిలాగే ఫ్రెంచిలో ఏదో గడగడ చెప్పేది. చివరికి వచ్చేసరికి "ఇలింకా" అనేది. అక్కడ ఆగి ఏడ్చేది. ఆ ఒక్క మాటే గురువుగారికి తెలిసేది. క్షమించేవారు. మళ్ళీ ఏడాది అదే మాట, అదే ఏడుపు. క్షమాపణ అంటినట్టు లేదు. ముడి విడలేదు.

"ఈ తల్లి ఈసారి చిక్కిపోయింది. మరో తపస్సు కాలం చూస్తుందో లేదో!" అనుకొని గురువుగారు ద్రాక్షకోతలు అయిన వెంటనే ఫ్రెంచి నేర్వడానికి నిశ్చయించుకున్నారు.

నేర్పినవాడు బార్దూ. అతడు ఫ్రాన్సులో పుట్టి, ఈ పట్టణపు పెద్దింటి తలలన్నిటికీ ఉంగరాలు చుట్టి బతుకుతున్న మంగలి. కసాంద్రా దించిన పండ్ల సారా అతనికి గురుదక్షిణ. అతడు పనిచేస్తూనే పాఠం చెప్పేవాడు గనుక మొదట వచ్చినవన్నీ జుట్టుకు సంబంధించిన మాటలే. గురువుగారి ఫ్రెంచిలో చాలాకాలం ప్రవక్తలు కూడా ఉంగరాల జుట్టుతోనే కనిపించారు. అయినా కీర్తనలు పాడిపాడి పదునెక్కిన చెవి. మంచు కరిగేనాటికి బార్దూ ఏమన్నా ఆయనకు తెలిసేది. తానేమన్నా బార్దూకు తెలిసేది.

తపస్సు కాలం వచ్చింది. బళ్ళు బురదలో బారులు తీరాయి. గురువుగారు మూడుసార్లు శిలువ గుర్తు వేసుకొని, పాపాలు అర్థం చేసుకోవడానికి వణుకుతూ కూర్చున్నారు.

మొదట ద్రెగుషాను వారి చిన్నకోడలు వచ్చింది. మోకరిల్లింది. వెక్కి వెక్కి ఏడుస్తూ, స్పష్టమైన ఫ్రెంచిలో ఇలా విన్నవించింది: "ఈ సత్రంలో గుర్రాలకు గడ్డి దొరుకునా? నా దిండు తడిగా ఉన్నది. దయచేసి మార్పించుడు. వంతెన దాటుటకు ఏ దారిని పోవలెను?"

గురువుగారు తన చెవిని తానే నమ్మలేదు. ఆమె లేచింది. తరువాత వచ్చిన ఆమె రొమ్ము బాదుకొని, ఈ ఋతువున చేతులు ఉబ్బెత్తుగానూ నడుము సన్నగానూ కుట్టబడుననీ, లేత ఊదా రంగు మిక్కిలి ఆదరణలో ఉన్నదనీ ఒప్పుకున్నది. ఆ పైన వచ్చిన ఒక వృద్ధ ప్రభువు, తెల్లని మీసాలు కన్నీటితో తడుపుకొంటూ, బాతును శుభ్రపరచి కడుపులో నారింజ తొనలు కూరి సన్నని సెగపై కాల్చవలసిన విధానం ఆమూలాగ్రం నివేదించాడు. మాంసం ముట్టరాని తపస్సు కాలంలో బాతు ఊసే పాపం గనుక, క్షమించడానికి గురువుగారికి అక్కడ కొంత ఆధారం దొరికింది.

సాయంత్రం ఆయన తిన్నగా బార్దూ దుకాణానికి వెళ్ళారు.

"బార్దూ, నువ్వు నాకు నేర్పింది ఫ్రెంచి కాదు. నన్ను మోసం చేశావు."

జరిగినది విని బార్దూ దువ్వెన కిందపెట్టి, కడుపు పట్టుకొని నవ్వాడు.

"గురువుగారూ! అది ప్రయాణికుల పుస్తకం. ఆ రెండోది దర్జీవాళ్ళ ప్రకటన. బాతు సంగతి... ఆ వంటవాడు నాకు తెలుసులెండి. వీళ్ళలో చాలామందికి వచ్చింది అంతే! నాలుగు ముక్కలు."

"మరి విందుల్లో గంటల తరబడి మాట్లాడుకుంటారే!"

"ఒకాయన గడ్డి గురించి అడుగుతాడు. ఒకావిడ నడుము సన్నగా అంటుంది. ఇద్దరూ నవ్వుకుంటారు. ఎదుటివాడికి బాగా వచ్చు, నాకే రాదు అనుకుంటాడు ప్రతివాడూ. బయటపడతామా అని హడలు. నా ముందు నోరు విప్పరు, తల మాత్రం వంచుతారు."

"అందరూ ఇంతేనా?"

"నిజంగా వచ్చినవాళ్ళూ ఉన్నారండీ. వాళ్ళు వియన్నా గురువుగారి దగ్గరికి పోతారు. మీ దగ్గరికెందుకొస్తారూ?"

ఇన్నేళ్ళ కీర్తికి కారణం గురువుగారికి అప్పుడు తెలిసింది. కీర్తికి కారణం తెలియడం ఎవరికైనా ప్రమాదమే.

ఆ ప్రమాదం మరునాడే వచ్చింది. మరొక యువతి మోకరిల్లి గుర్రాల గడ్డిని గురించి కుమిలిపోతూంటే, గురువుగారి జాలిగుండె ఆగలేదు. ఆమె తలపై కొంగు కప్పుతూ, అలవాటు కొద్దీ, ఫ్రెంచిలోనే, "దొరుకుతుందమ్మా, నీ గుర్రాలకు గడ్డి దొరుకుతుంది. శాంతితో వెళ్ళు" అనేశారు.

ఆమె శాంతితో వెళ్ళలేదు. మూర్ఛపోతే నలుగురు మోసుకువెళ్ళారు.

ఆ సాయంత్రం మానోలాకే ద్రెగుషాను ప్రభువుల భవనంలో ప్రముఖుల అత్యవసర సభ జరిగింది. అతిథులకు చెంచాడేసి గులాబీ పాకమూ గ్లాసెడేసి మంచినీళ్ళూ ఇచ్చిన తరువాత ప్రభువులవారు లేచి, విషయ గౌరవం దృష్ట్యా ఫ్రెంచిలోనే ప్రారంభించి, రెండో వాక్యం దగ్గర, పనివాళ్ళకు కూడా తెలియవలసిన అవసరం ఉన్నదని చెప్పి, మోల్దావియా భాషలోకి దిగారు.

"మహాజనులారా! మన పాపాలు బయటపడతాయని మనకు భయమా? కాదు! మన పాపాలు మన వంశాలకు అలంకారాలు. కాని ఒక గురువు అర్థం చేసుకోవడం మొదలుపెడితే ఈ రాజ్యం ఎక్కడికి పోతుంది? గురువంటే ద్వారం. ద్వారం గుండా మనం పోతాం. పోయేవాడెవడో, ఏం మోసుకుపోతున్నాడో ద్వారం ఆరా తీస్తుందా? ఇవాళ గురువు ఫ్రెంచి నేర్చాడు. రేపు బండివాడు నేర్చుకుంటాడు. ఎల్లుండి అందరికీ వచ్చేస్తే, మనం దేనిలో మాట్లాడాలయ్యా?"

సభ నిట్టూర్చింది. గుడులన్నిటికీ పెద్ద అయిన పీఠాధిపతికి విన్నపం వెళ్ళింది. మూడోనాటికి ఉత్తర్వు వచ్చింది: గురువు ఇలారియోన్ తాను అధికారులకు తెలియపరచకుండా నేర్చిన ఫ్రెంచిని, నేర్చిన మేరకు, పాస్కా పండుగలోపల మరచిపోవలెను, మరచినదీ లేనిదీ పీఠాధిపతి సమక్షమున పరీక్షింపబడును, మరువని పక్షమున చిత్తడి నేలల అవతలి గ్రామమునకు పంపబడును.

"మీకు తాళంచెవి ఎక్కడ పెట్టారో గుర్తుండదు కదా, ఇది మరచిపోవడం ఏమంత కష్టం?" అన్నది కసాంద్రా. అని, కొంగుతో కళ్ళు తుడుచుకున్నది.

అదే వారం పుల్కేరియా దొరసాని మంచం పట్టింది. గురువుగారికి కబురు వచ్చింది. దొరసాని దిండ్లకు ఆనుకొని ఉన్నది. పనిపిల్లను బయటికి పంపింది.

"ఫ్రెంచి నేర్చారటగా?"

"మరచిపొమ్మని ఆజ్ఞ అయింది దొరసానీ. ప్రయత్నం చేస్తున్నాను."

"ఎంతవరకొచ్చింది?"

"గుర్రాల గడ్డి మాత్రం పోవడం లేదు."

దొరసాని నవ్వింది. నవ్వుతో దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక చేతులు జోడించి, కళ్ళు మూసుకొని, ఏటా చెప్పే ఆ పాఠమే మొదలుపెట్టింది. దిండు తడిగా ఉన్నది. వంతెనకు దారి ఏది. వాన వెలిసినది. చివరికి, "ఇలింకా." కన్నీళ్ళు కారాయి.

ఎప్పటిలా కొంగు తలమీదికి రాలేదు. ఆమె కళ్ళు తెరిచింది.

"దొరసానీ, ఇందులో పాపమేమీ లేదు. వాన వెలిస్తే మంచిదే. కాని ఇలింకా అన్నది ఫ్రెంచి మాట కాదు. మీ కన్నీళ్ళన్నీ ఆ మాట దగ్గరే."

తరువాత ఆమె మాట్లాడింది. అది పారిసు గౌన్ల గొంతు కాదు. ప్రూత్ నది ఒడ్డున గొర్రెలను అదిలించే గొంతు.

"మా అమ్మ, గురువుగారూ. ఇలింకా మా అమ్మ."

గురువుగారు మంచం దగ్గరికి జరిగారు.

"మాది పేద కాపుల ఇల్లు. మొహం చూసి చేసుకున్నాడు మా ఆయన. ఆయన పోయినాక మా అమ్మ నాకు తోడుందామని నడిచొచ్చింది. మూటలో జున్ను కట్టుకొచ్చింది. హాలు నిండా జనం. ఎవరీవిడ అన్నారు. దాది అనేశాను. ఇలింకా, నా దాది... నోట్లోంచి ఊడిపడింది. అమ్మ విన్నది. 'చిత్తం దొరసానీ' అన్నది. అంతే! మళ్ళీ నన్ను పిల్లా అని పిలవలా. గదిలో మేమిద్దరమే ఉన్నప్పుడు కూడా పిలవలా. పోయేముందు జ్వరంలో కూడా, 'దొరసానీ, కాసిని మంచినీళ్ళు' అన్నది."

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఫ్రెంచిలో ఎట్లా చెప్పాలో నాకు తెలిస్తేగా? ఎవర్ని అడగను?"

గురువుగారు పాపాలలో పండితులు కారు. అయినా ముడి ఈసారి కళ్ళకు కనిపించింది.

"అందరి ముందూ దాచారు. అందరి ముందూ చెప్పండి. గతించినవారి శనివారం వస్తోంది."

"ఏ భాషలో?"

"మీ అమ్మకు తెలిసిన భాషలో."

"ఈ ఊరు నన్ను బతకనివ్వదు."

"మీరెట్లాగూ బతకరు గదమ్మా" అన్నారు గురువుగారు, మెత్తగా.

ఆ శనివారం గుడి కిక్కిరిసింది. దొరసానిని కుర్చీలో మోసుకువచ్చారు. ఒడిలో తేనె గోధుమల పళ్ళెం. గతించినవారి పేర్లు చదువుతూ గురువుగారు "ఇలింకా" అని ఆగారు. దొరసాని లేచి నిలబడింది. మోల్దావియా భాషలో, పల్లెటూరి యాసలో, గుడి చివరనున్న బిచ్చగాళ్ళకు కూడా వినబడేటట్టు చెప్పింది.

"ఇలింకా నాకు దాది కాదు. నా కన్నతల్లి. అమ్మా, మన్నించవే!"

గురువుగారు కొంగు ఆమె తలమీద కప్పారు. ఇన్నేళ్ళలో మొదటిసారిగా ఆమెను, తెలిసి, క్షమించారు.

ఏ ముఖం పెట్టాలో ఎవరికీ తెలియలేదు. మానోలాకే ప్రభువు పక్కవారి ముఖం చూశారు. పక్కవారు ఆయన ముఖం చూశారు. చివరికి చిన్నకోడలు విసనకర్ర చాటున నెమ్మదిగా ఒక మాట అన్నది: "పారిసులో ఇప్పుడు ఇదేనేమో!"

సభికులందరికీ ఊపిరి తిరిగి వచ్చింది.

పాస్కా పండుగనాటికి యాష్‌లో పల్లెటూరి తల్లి లేని మేడ లేదు. లేనివారు తమ ఎస్టేట్ల నుంచి తగిన ముసలమ్మలను పిలిపించారు. మానోలాకే ప్రభువు తన ద్రాక్షతోటల నుంచి ఒకామెను తెప్పించారు. చేతులు కాయలు కాచి, వెన్ను వంగి, సర్వలక్షణ సంపన్న. విందులో పాకమూ నీళ్ళూ ఇచ్చిన తరువాత తల్లిని ప్రవేశపెట్టేవారు. ఆమె కుట్టుపూల చొక్కాతో హాలు మధ్య కూర్చునేది. అతిథులు చుట్టూ చేరి, ఫ్రెంచిలో, వంతెనకు దారి ఏదని మురిసిపోయేవారు.

పరీక్షనాడు పీఠాధిపతి సింహాసనంపై కూర్చొని, గంభీరమైన ఫ్రెంచిలో, ఈ సత్రంలో గుర్రాలకు గడ్డి దొరుకునా అని ప్రశ్నించారు. ఇలారియోన్ గురువుగారు అబద్ధమాడలేక, "దొరుకుతుంది ప్రభూ" అన్నారు. చిత్తడి నేలల అవతలికి పంపేశారు. అక్కడ జనం మోల్దావియా భాషలో పాపాలు చేసి, అదే భాషలో చెప్పుకొని, కొన్నిటిని మానేస్తారట. "ఇక్కడ మీ ముందు గొణిగేవాళ్ళు లేరు, నేను తప్ప" అని కసాంద్రా సంతోషించింది. ఆయన స్థానంలో వచ్చిన గురువుకు ఫ్రెంచి రాదు; చెవులు కూడా అంతంతమాత్రం. పట్టణంలో శాంతి రెట్టింపయింది.

పుల్కేరియా దొరసాని పండుగ వారంలో కన్నుమూసింది. చివరి క్షణాన పనిపిల్లను, "కాసిని మంచినీళ్ళివ్వమ్మా" అని అడిగింది. తల్లి పక్కన, పనివాళ్ళ వరుసలో పూడ్చమన్నది. పూడ్చారు. పై ఏడు ఆ వరుసలో స్థలానికి పెద్దింటివారి సిఫారసులు మొదలయ్యాయి.

ఒక్క చిక్కు మిగిలింది. ఈ మేడల్లో అసలు తల్లులు కూడా ఉన్నారు. నలభై ఏళ్ళు కష్టపడి నాలుగు ఫ్రెంచి ముక్కలు నేర్చి, వెన్ను నిటారుగా పెట్టుకొని, చేతులు మెత్తగా ఉంచుకున్నవారు. వారిని తల్లులని ఎవరూ నమ్మరు గదా! అందుచేత వారిని వంటింటి పక్కగదిలో ఉంచారు. మానోలాకే ప్రభువుల కన్నతల్లిని ఒకసారి ఎవరో అతిథి దారితప్పి వచ్చి చూసి, తమరెవరని అడిగితే, ఆమె కొడుకు పరువు తలచుకొని, లేచి నిలబడి, "దాదిని" అన్నది.

ఇది చదివి నవ్వే మహాశయులకు ఒక మనవి: కొంచెం మెల్లగా నవ్వండి. పక్కగదిలో అమ్మ ఉండవచ్చు. ఎందుకురా నవ్వుతున్నావని ఆమె అడిగితే, హాల్లో అతిథులు ఉన్న సమయాన, ఆమెకు ఏ భాషలో జవాబు చెబుతారో ముందే ఆలోచించి పెట్టుకోండి.